విలియం కేరీగారి కాపురము

(చదువవలసిన భాగము: నిర్గమకాండము 18వ అధ్యాయము)

చెప్పులు కుట్టిన చిన్నవాడు సీరాంపూరు పండితుడైన కథ మన సండేస్కూలు పిల్లలకు సైతము తెలిసినదే. పని చేయు గదిలో గోడకు ప్రపంచపటము తగిలించుకొని, తోలు కోయుచు దూరదేశములనుగూర్చి ప్రార్థించెనని ఏటేట చెప్పుకొనుచున్నాము. ఆ కథలో ఒక స్త్రీ యున్నది. ఆమె కేరీగారి మొదటి భార్య. పేరు డోరతీ. మనవారి వాడుక చొప్పున డోరతమ్మ అందము. ప్రసంగములలో ఆమె ఊసు వచ్చినప్పుడు ఒక్క వాక్యముతో సరిపెట్టుదురు. భార్య సహకరింపలేదు, తరువాత మతి చలించినది, అయినను ఆయన పని మానలేదు అని చెప్పి ముందుకు సాగిపోవుదురు. ఈ నెల మేము ఆ ఒక్క వాక్యమును విప్పి వ్రాయదలచితిమి. ఏలయనగా అట్టి కాపురములు మన సంఘములలోను కలవు. లోపలిగదిలో ఒకరి మనస్సు నలిగిపోవుచుండగా, మిగిలినవారు తలుపు దగ్గరగా వేసి, బయట అంతయు బాగుగానే యున్నదని చెప్పుచుండు ఇండ్లు మేము ఎరుగుదుము.

కేరీగారు 1761 ఆగస్టు 17న ఇంగ్లండులో నార్తాంప్టన్ ప్రాంతమున పాలర్స్‌పురి అను పల్లెలో పుట్టిరి. తండ్రి నేతపనివాడు, తరువాత బడిపంతులు. చర్మవ్యాధిచేత ఎండలో పనిచేయలేకపోగా కుఱ్ఱవానిని చెప్పులు కుట్టు పనికి పెట్టిరి. 1781 జూన్ 10న పిడింగ్టన్ గ్రామపు గుడిలో డోరతమ్మతో వివాహమైనది. అప్పటికి ఆయనకు 20 ఏండ్లు నిండలేదు. ఆమె అయిదారేండ్లు పెద్దది. పెండ్లి పుస్తకములో ఆమె పేరుకెదురుగా సంతకము లేదు, సిలువ గీటు మాత్రమే యున్నది. చదువు లేని ఆ యిల్లాలి ప్రక్కనే కూర్చుండి ఆయన లాటినును, గ్రీకును, హెబ్రీయును నేర్చుకొనెను. అందులో ఎవరి తప్పును లేదు. అయినను ఇద్దరి లోకములు అప్పటినుండియే కొంచెము కొంచెముగా వేరగుచుండెనని తలంచవచ్చును.

పేదరికము మిక్కుటముగా నుండెను. తొలిచూలు బిడ్డ ఆన్ రెండవయేట జ్వరముతో చనిపోయెను. తరువాత లెస్టరు పట్టణములో కాపురమున్నప్పుడు లూసీ అను మరియొక ఆడబిడ్డను పాతిపెట్టిరి. హిందూదేశపు మాట పుట్టకముందే ఆ తల్లి ఇద్దరు కుమార్తెలను పోగొట్టుకొన్నదని గుర్తుంచుకొనవలెను. చరిత్రలు వ్రాయువారు ఈ సమాధులను ఒక్క పంక్తిలో దాటిపోవుదురు. తల్లి అట్లు దాటిపోగలదా?

1792 అక్టోబరు 2న కెట్టరింగులో బాప్టిస్టు మిషనెరీ సంఘము ఏర్పడినది. మరుసటి జనవరిలో జరిగిన సభలో కేరీగారు తానే హిందూదేశమునకు పోయెదనని మాట యిచ్చిరి. డోరతమ్మ అప్పుడు గర్భవతి. చేతిక్రింద ముగ్గురు మగపిల్లలు. ఫ్రాన్సు దేశముతో యుద్ధము మొదలై సముద్రముమీద భయము వ్యాపించెను. పుట్టిన పల్లెపట్టునను లెస్టరులోను తప్ప వేరొకచోట ఉండి యెరుగని ఆమె, నేను రాలేను అని చెప్పెను. కేరీగారు పెద్దకుమారుడు ఫీలిక్సును వెంటబెట్టుకొని బయలుదేరిరి. అయితే ఓడ ఆలస్యమై, అనుమతిపత్రము లేని కారణమున వారిని దింపివేసిరి. ఈలోగా మే నెలలో జాబెజు అను బిడ్డ పుట్టెను.

కేరీగారును, ఆయన సహచరుడు జాన్ థామసు దొరగారును మరల పిడింగ్టను వచ్చి అడిగిరి. ఆమె మరల కాదనెను. ఇద్దరును వెళ్లిపోయిరి. దారిలో థామసు దొరగారు ఒక్కరే వెనుకకు తిరిగి వచ్చి, నీవిప్పుడు రాకపోయినయెడల ఈ కుటుంబము ఎన్నటికిని కలిసికొనదు, బ్రతికినంతకాలము పశ్చాత్తాపపడుదువు అను అర్థము వచ్చునట్లు ఆమెతో మాటలాడెను. ఆమె భయపడెను. చెల్లెలు కిట్టీ తోడు వచ్చిన యెడల వచ్చెదననెను. ఉన్న సామాను అమ్ముకొని, మూటలు గట్టుకొని బయలుదేరిరి. 1793 జూన్ 13న ఓడ కదలెను. థామసు దొరగారి ఆసక్తిని మేము శంకింపము. అయినను భయపెట్టి పుచ్చుకొన్న ఒప్పుదల ఒప్పుదల కాదు. మన పల్లెలలో పెండ్లి విషయములోను, బదిలీ విషయములోను, పట్టణమునకు కూలికి పోవు విషయములోను ఇట్టి ఒప్పుదలలు ఎన్ని జరుగుచున్నవో లెక్కలేదు.

అయిదు నెలల ప్రయాణము తరువాత నవంబరులో కలకత్తా చేరిరి. తెచ్చుకొన్న ధనము త్వరలోనే కరగిపోయెను. ఎవరో దయతలచి యిచ్చిన యింటిలో కొన్నాళ్లు, తరువాత పులులు తిరుగు సుందరవనముల అంచున దేభట్ట అనుచోట కొన్నాళ్లు ఉండిరి. డోరతమ్మకును ఫీలిక్సుకును రక్తవిరేచనములు పట్టుకొని విడువలేదు. తోడుగా వచ్చిన కిట్టీ దేభట్టలోనే ఒక ఇంగ్లీషుదొరను పెండ్లాడి నిలిచిపోయెను. 1794లో కేరీగారికి మాల్దా ప్రాంతమున మడ్నబాటి అను పల్లెలో నీలిమందు కార్ఖానా పెత్తనము దొరకినది. నెలకు 200 రూపాయలు. తిండికి లోటు తీరినదిగాని, ఆ పల్లెలో డోరతమ్మ మాట తెలిసిన స్త్రీ ఒక్కతెయు లేదు. చెల్లెలిని, భాషను, ఊరిని ఒకేమారు పోగొట్టుకొనుట ఎట్టిదో పరదేశము వలసపోయిన మన ఆడపడుచులను అడిగినయెడల చెప్పుదురు.

ఆ అక్టోబరులో 5 ఏండ్ల పీటరు జ్వరముతో చనిపోయెను. కేరీగారు సైతము జ్వరముతో మంచము పట్టియుండిరి. శవమును తాకుటకు కులము అడ్డమని, పెట్టె చేయుటకు గాని గొయ్యి త్రవ్వుటకు గాని మోయుటకు గాని మనుష్యులు ముందుకు రాలేదు. ఎంతో బ్రతిమాలిన పిమ్మట సమాధి జరిగినది. డోరతమ్మకు ఇది మూడవ సమాధి.

కొన్ని నెలలలోనే, 1795 మొదట, ఆమె మాట మారినది. భర్త పరస్త్రీలతో తిరుగుచున్నాడని నిందింప మొదలుపెట్టెను. అందులో ఆవగింజంతయైన నిజము లేదు. ఎవరెంత చెప్పినను ఆమెకు నచ్చలేదు. ఆయన ఎక్కడికి వెళ్లిన అక్కడికి వెంబడించి, నలుగురిలో కేకలు వేయుచుండెను. కొన్నిసార్లు ఆయనపై పడి ప్రాణాపాయము తెచ్చునంతవరకు వచ్చెను. నేటి వైద్యులు ఆ లక్షణములను చదివి, ఇది డెల్యూజన్ అనబడు భ్రమరోగము అనుచున్నారు. సాకు కాదు, దుర్గుణము కాదు, పిశాచము కాదు. విరిగిన కాలువలె అదియు ఒక రోగము. 1796 జనవరిలో ఆ స్థితిలోనే ఆమె జోనాతాను అను బిడ్డను కన్నది.

కేరీగారు ఏమి చేసిరి? దినచర్య పుస్తకములో ఆ దినములలో ఆయన ఇంటనుండి కఠినమైన శ్రమ కలుగుచున్నదని వ్రాసికొని, అది ఎవరివలననో చెప్పకుండ ఊరకుండెను. సొంత పుస్తకములోనైనను పేరు వ్రాయలేకపోయెను. కొంతకాలమునకు చెల్లెండ్రకు జాబులో సంగతి తెలిపెను. కాని ఇంగ్లండునుండి జవాబు రావలెనన్న నెలలకొలది పట్టును. థామసు దొరగారు స్వయముగా వైద్యులే. ఆయన చూచెను, విచారించెను, ఇంగ్లండుకు వ్రాసెను. చేయగలిగినది మాత్రము ఏమియు లేకపోయెను.

ఇక్కడ ఆ కాలపు వైద్యమునుగూర్చి రెండు మాటలు చెప్పవలసియున్నది. 1788లో ఇంగ్లండు రాజైన మూడవ జార్జికే మతి చలించినప్పుడు, వైద్యులు ఆయన ఒంటిమీద బొబ్బలు లేపు మందులు పూసి, బిగుతు చొక్కా తొడిగి కట్టివేసిరి. ఆయనను చూచిన విల్లిసు వైద్యుడు మొదట పాదిరి. అది మా వృత్తివారికి గొప్పగా చెప్పుకొనదగిన సంగతి కాదు. రాజుకే ఆ వైద్యమైనప్పుడు చెప్పులు కుట్టువాని భార్యకు ఏమి దొరకును? ఆ చీకటిలో ఒక దీపమును వెలిగినది. విలియం ట్యూక్ అను క్వేకరు వ్యాపారి 1796లో యార్కు పట్టణమున రిట్రీట్ అను గృహమును తెరచి, గొలుసులు లేకుండ, మర్యాదతో, తోటపనితో, మంచిమాటతో రోగులను చూడవచ్చునని కనుపరచెను. అయితే యార్కు ఎక్కడ, మడ్నబాటి ఎక్కడ! పిచ్చాసుపత్రిలో వేయుడని స్నేహితులు చెప్పినను, అక్కడ ఆమె గతి ఏమగునో అని కేరీగారు ఒప్పుకొనలేదని ఆయన చరిత్రకారులు వ్రాసిరి. ఇంటనే ఒక గదిలో ఉంచి, అవసరమైనప్పుడు తలుపు మూయించెను. ఆ మూసిన తలుపునుగూర్చి తీర్పు తీర్చుటకు మాకు నోరు రాదు. అయితే దానిని ఆదర్శముగా చెప్పుకొనుటయు మాకు ఇష్టము లేదు.

1800 జనవరిలో కుటుంబము సీరాంపూరు చేరినది. అది అప్పుడు డేనిషువారి పాలనలోని పట్టణము. అక్కడ విలియం వార్డుగారు, జాషువా మార్ష్‌మనుగారు, ఆయన భార్య హన్నామ్మగారు ఉండిరి. అందరును ఒక్క బల్లయొద్ద భోజనము చేయుదురు. మా అభిప్రాయములో కేరీగారి ప్రాణమును నిలిపినది ఆ బల్లయే. అయిదారేండ్లు ఒంటరిగా మోసిన భారమును మోయుటకు మరి కొన్ని భుజములు దొరకినవి. పెంపకము లేక మొండికెత్తిన పిల్లలను హన్నామ్మగారు తన బిడ్డలతోపాటు దిద్దిరి. వార్డుగారు ఫీలిక్సును దగ్గరకు తీసికొని, అచ్చుపని నేర్పి, స్నేహితుని చేసికొనిరి. కేరీగారు తెల్లవారుజామున లేచి తోటలో తిరుగుచు, మొక్కలను చూచుకొనుచు ప్రార్థించువారు. ఆ తోటయు ఆయనకు ఒక వైద్యమే అయినదేమో.

1800 డిసెంబరు 28న కృష్ణపాలునకు బాప్తిస్మమిచ్చిరి. వారి పనిలో మొదటి ఫలము. మన పుస్తకములలో ఆ దినము గొప్ప పండుగ. కాని ఆ సంతోషపు దినములలోనే థామసు దొరగారికి మతి తప్పగా, ఆయనను ఒక గదిలో నిర్బంధింపవలసి వచ్చెను. ఇంకొక గదిలో డోరతమ్మ కేకలు వేయుచుండెను. నాడు పిడింగ్టనులో ఆమెను ఒప్పించిన వైద్యుడును, ఆమెయు, ఒకే ఆవరణములో ఒకే బాధలో నుండిరి. మనస్సుకు వచ్చు రోగము చదువును చూడదు, ఆసక్తిని చూడదు. థామసు దొరగారు మరుసటియేడు చనిపోయిరి.

1801లో బెంగాలీ క్రొత్తనిబంధన అచ్చయినది. ప్రక్కగదిలో భార్య ఆక్రోశించుచుండగా ఆయన గ్రంథములు ముందు పెట్టుకొని అనువదించెనని తోటివారు వ్రాసిరి. ఈ సంగతిని కేరీగారి స్థిరత్వమునకు సాక్ష్యముగా చెప్పుట వాడుక. స్థిరత్వమే, కాదనము. మేము మాత్రము చదివినప్పుడెల్ల గోడకు అవతలివైపు నిలిచి ఆలోచింతుము. లోపల నున్నది ఏడుగురు బిడ్డలను కని, ముగ్గురిని మట్టికి అప్పగించిన తల్లి. ఆమె ఒక్క జాబైనను వ్రాయగలిగినది కాదు గనుక, ఆమె తట్టు కథ మనకు చేరలేదు. మనకు తెలిసినదంతయు ఇతరులు వ్రాసినదే.

ఆమె 12 ఏండ్లు ఆ స్థితిలోనే యుండి, 1807 డిసెంబరు 8న జ్వరముతో చనిపోయెను. మరుసటి మే నెలలో కేరీగారు షార్లటు రూమోరు అను డేనిషు స్త్రీని పెండ్లాడిరి. ఇంత త్వరగానా అని కొందరు స్నేహితులు నొచ్చుకొనిరి. ఆమె శరీరము బలహీనమైనది, చదువు గలది, ఆయన పనిలో పాలుపంచుకొన్నది. వారు 13 ఏండ్లు సుఖముగా కాపురము చేసిరి. 1821లో ఆమె చనిపోగా, 1823లో గ్రేసు హ్యూసు అను విధవరాలిని పెండ్లాడిరి. 1814లో మన తెలుగునకు ఆయన వ్రాసిన వ్యాకరణము అచ్చయినది. 1818లో సీరాంపూరునుండి తెలుగు క్రొత్తనిబంధన వెలువడినది. 1834 జూన్ 9న ఆయన కన్నుమూసిరి. మిగిలిన ఘనకార్యములు ఏ పుస్తకమునందైనను దొరకును గనుక విడిచిపెట్టుచున్నాము.

పైన చెప్పిన వాక్యభాగమును ఇప్పుడు చదువుడి. యిత్రో మోషేకు ఇచ్చిన సలహా అందరికి తెలియును. పని పంచుకొనుమనియు, లేనియెడల నీవును ప్రజలును నలిగిపోవుదురనియు చెప్పెను. కాని ఆ అధ్యాయము సలహాతో మొదలుకాదు. మోషే తిరిగి పంపివేసిన సిప్పోరాను, ఇద్దరు కుమారులను యిత్రో వెంటబెట్టుకొని వచ్చుటతో మొదలగుచున్నది. ఆ పెద్దమనిషి ముందు కుటుంబమును గుడారమునొద్దకు చేర్చెను, క్షేమసమాచారములు అడిగెను, కథ అంతయు విన్నాడు, ఒక దినమంతయు ఊరక చూచెను, ఆ తరువాతనే మాట చెప్పెను. ఆయన ఇశ్రాయేలీయుడు కాడు, బయటివాడు. బయటివాడు గనుకనే లోపలివారికి కనబడనిది ఆయనకు కనబడెను.

కేరీగారికి మడ్నబాటిలో యిత్రో దొరకలేదు. మనకు దొరకును. 1952లో పారిసులో క్లోర్‌ప్రోమజిన్ అను మందు వాడుకలోనికి వచ్చినది మొదలుకొని డోరతమ్మవంటివారికి మందులు కలవు. వేలూరు క్రైస్తవ వైద్యకళాశాలవారు 1957లో బాగాయములో తెరచిన మానసిక వైద్యశాలలో రోగితోపాటు కుటుంబమువారును ఉండి, రోగమునుగూర్చి నేర్చుకొను పద్ధతి పెట్టిరి. మన తట్టు హైదరాబాదు ఎర్రగడ్డలోను, విశాఖపట్టణములోను ప్రభుత్వ మానసిక వైద్యశాలలు కలవు. 2017 నాటి చట్టము రోగిని గొలుసుతో కట్టుటను పూర్తిగా నిషేధించినది. స్వస్థత కొరకని ప్రార్థన మందిరముల వసారాలలో కట్టివేయువారు ఈ సంగతి ఎరిగియుండవలెను.

ప్రతి కాపురములోని కలతయు రోగము కాదు. అప్పులు, త్రాగుడు, అత్తింటి మాటలు, బిడ్డ చనిపోయిన దుఃఖము, మాట లేకుండ నెలలు గడచుట, ఇవి మందుతో పోవునవి కావు. వీటికి కూర్చుండి వినుటయందు శిక్షణ పొందిన మనిషి కావలెను. మానసిక వైద్యుడు మందు వ్రాయును. సైకాలజిస్టు, కౌన్సిలరు మాటలతో సహాయము చేయుదురు. క్లినికల్ సైకాలజిస్టునయితే భారత పునరావాస మండలిలో నమోదు ఉన్నదా అని అడుగవచ్చును; అడిగినందుకు మంచివారు కోపపడరు. భార్య మాటను భర్త మాటను వేరువేరుగా కూడ వినువారిని, విన్నది బయటపెట్టనివారిని చూచుకొనుడి. ఒక్క రోజులో నయము చేసెదమనువారి జోలికి పోవద్దు. మొదట కలిసికొన్న వారితో మనస్సు కలియనియెడల మరియొకరిని వెదకుట తప్పు కాదు. భర్త రాననినను భార్య ఒంటరిగా పోవచ్చును, భార్య రాననినను భర్త పోవచ్చును. కొట్టుట, చంపెదనని బెదరించుట ఉన్నచోట ముందు ప్రాణము కాపాడుకొనవలెను; స్త్రీల సహాయమునకు 181 అను నంబరు ఉన్నది. అట్టి ఇంటికి ఆమెను ప్రార్థించి తిరిగి పంపు పాదిరి ఆమెకు మేలు చేయుటలేదు.

పాదిరికి చెప్పినచాలదా అని కొందరు అడుగుచుందురు. చెప్పుడి, తప్పక చెప్పుడి. అయితే మేము సెమినరీలో నేర్చుకొన్నది వాక్యమును బోధించుట, రోగులను పరామర్శించుట. రాత్రులు నిద్రలేక, లేనివారి స్వరములు వినువారిని నయము చేయుట మేము నేర్చుకొనలేదు. పౌలుతో లూకా ఉండెను. పౌలు ప్రార్థించుచు లూకాను ఇంటికి పంపివేయలేదు.

2022 అక్టోబరునుండి ప్రభుత్వమువారు టెలిమానస్ అను ఫోను సహాయము నడుపుచున్నారు. నంబరు 14416. పగలైనను రాత్రియైనను తెలుగులోనే మాటలాడవచ్చును, రుసుము లేదు, పేరు చెప్పనవసరము లేదు. మా సంఘపు స్త్రీల సమాజమువారు అడుగగా, గుడి వసారాలోని నల్లబల్లమీద ఆరాధన వేళల క్రింద ఆ నంబరు వ్రాయించితిమి. మొదటి వారము ఎవరో దానిని తుడిచివేసిరి. సమాజపు పెద్దమ్మగారు రంగుతో మరల వ్రాయించిరి.